రక్తమునకు లెక్క కట్టిన మహనీయుడు

కొలత తప్పినచో లెక్క నిలువదు. లెక్క నిలువనిచో తీర్పు నిలువదు. పద్దులు వ్రాయు నావంటివానికి ఇది నిత్యానుభవము. వైద్యమునకును ఇదియే మూలమని తమ జీవితముచే నిరూపించినవారు డాక్టరు యెల్లాప్రగడ సుబ్బారావుగారు.

వీరు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. బాల్యము పేదరికమున గడచెను. మెట్రిక్యులేషను మూడవ ప్రయత్నమున గాని గట్టెక్కలేదు. మదరాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించుట ఆంగ్లేయుడగు ఆచార్యునికి రుచింపలేదు. అందుచే ఉన్నత పట్టము దక్కక ఎల్.ఎం.ఎస్. పట్టముతోనే వెలువడిరి. సంగ్రహణి వ్యాధి సోదరులను బలిగొనెను, వీరినిని పీడించెను. ఆ దుఃఖమే వీరిని పరిశోధన వైపు మరల్చెను.

అమెరికాలో బోస్టను నగరము చేరి, హార్వర్డు వైద్య విద్యాలయమున ఫిస్కేగారితో కూడి, రక్తమందలి భాస్వరమును కొలుచు విధానమును 1925లో ప్రకటించిరి. రక్తము నుండి మాంసకృత్తులను తొలగించి, మిగిలిన ద్రవమున మాలిబ్డేటును, మరియొక రసాయనమును కలిపినచో నీలివర్ణము పుట్టును. వర్ణము ఎంత గాఢమో భాస్వరము అంత అధికము. కండరముల సారమున ఈ రంగు ఆలస్యముగా తేలెను. దానిని పొరపాటని త్రోసివేయక కారణము వెదకగా 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏ.టి.పి. అను శక్తిదాయక పదార్థములు బయల్పడెను.

హార్వర్డున స్థిరమగు ఉద్యోగము లభింపకపోగా 1940లో లెడర్లే పరిశోధనాలయమున చేరిరి. అచట వీరి బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. ఎఱ్ఱకణములు పెద్దవై సంఖ్య తరిగిపోవు ఒక విధమగు పాండురోగమునకు అది దివ్యౌషధము. ఇనుము కొరతచే కణములు చిన్నవగు పాండురోగమునకు మాత్రము అది పనిచేయదు. ఒక పద్దులోని జమ మరియొక పద్దులోని బాకీని తీర్పదు గదా! అందుచేతనే నేడు రక్తరసిలో ఇనుము ఎంత, దానిని మోయు ట్రాన్స్‌ఫెరిన్ అను మాంసకృత్తు ఇంకను ఎంత ఇనుమును పట్టగలదు అని పరీక్షింతురు. అందును ఇనుమును ఆ మాంసకృత్తు నుండి విడదీసి, రంగు పుట్టించి, దాని గాఢతను కొలుచుటయే సాధారణ పద్ధతి.

1948 ఆగస్టులో, ఏబదిమూడేండ్ల ప్రాయమున, సుబ్బారావుగారు పరదేశముననే కన్నుమూసిరి. జీవితకాలమున తగిన కీర్తి దక్కలేదు. మన గ్రంథాలయమునకు వచ్చు బాలబాలికలలో పరీక్ష తప్పి క్రుంగినవారెవరైన నున్నచో, మూడవమారు గెలిచిన ఈ భీమవరపు బిడ్డను తలచుకొని మరల పుస్తకము చేతబట్టుదురుగాక!