కాలాన్ని చెక్కిన వడ్రంగి: జాన్ హారిసన్

వడ్రంగి చేతి ఉలి సామాన్యంగా తలుపులనూ, ద్వారబంధాలనూ, మంచపు కోళ్ళనూ చెక్కుతుంది. పద్దెనిమిదవ శతాబ్దపు ఇంగ్లండులో ఒక పల్లెటూరి వడ్రంగి అదే ఉలితో గడియారపు చక్రాలు చెక్కడం మొదలుపెట్టి, కడకు మహాసముద్రాలపై నావికులకు దారి చూపే యంత్రాన్ని నిర్మించాడు. ఆయన పేరు జాన్ హారిసన్. న్యూటనుకూ, హ్యాలీకీ మన పాఠ్యగ్రంథాలలో దక్కిన చోటు ఈయనకు దక్కలేదు. మన కళాశాలకు వచ్చే విద్యార్థులలో చేతిపనులవారి బిడ్డలు అనేకులు. తండ్రి పనిముట్లను చూచి పెరిగినవారికి ఈ జీవితం తెలియడం అవసరమని భావించి దీనిని వ్రాస్తున్నాను.

హారిసన్ 1693 మార్చి 24న యార్క్‌షైరులోని ఫౌల్బీ అనే పల్లెలో జన్మించాడు. తండ్రి హెన్రీ వడ్రంగి. జాన్ పసితనంలోనే ఆ కుటుంబం హంబర్ నదికి దక్షిణాన ఉన్న బారో గ్రామానికి తరలిపోయింది. ఆరేళ్ళ వయస్సులో మశూచి సోకి మంచం పట్టినప్పుడు ఎవరో ఒక జేబుగడియారం చేతికిచ్చారనీ, దానిని చెవి దగ్గర పెట్టుకొని రోజులు గడిపాడనీ ఒక కథ ఉంది. గొప్పవారి బాల్యానికి ఇటువంటి కథలను తగిలించడం లోకానికి అలవాటు. దానికంటె నమ్మదగిన విషయం మరొకటి ఉన్నది. ఒక మతగురువు ఆ బాలునికి కేంబ్రిడ్జి ఆచార్యుడు సాండర్సన్ ప్రకృతిశాస్త్ర ఉపన్యాసాల వ్రాతప్రతిని చదువుకోవడానికి ఇచ్చాడు. హారిసన్ దానిని పటాలతో సహా తన చేతితో ఎత్తి వ్రాసుకొన్నాడు. ఆయన ఎరిగిన విశ్వవిద్యాలయం అదే.

ఇరవై ఏళ్ళ ప్రాయంలో, 1713లో, మొదటి గడియారం చేశాడు. ఇత్తడి కొనే స్తోమత లేనివాడు కొయ్యనే ఆశ్రయించాడు. చక్రాలకు ఓకు చెక్క, ఇరుసులకు మరింత గట్టి చెక్క. కర్రకు ఈనె ఏ దిక్కుగా పోతుందో వడ్రంగికి తెలుసు. ఈనె అడ్డంగా పోతే పన్ను విరిగిపోతుంది. అందుచేత చక్రాన్ని ముక్కలుగా కూర్చి, ప్రతి పంటికీ ఈనె నిలువుగా నడిచేటట్లు అమర్చాడు. సుమారు 1722లో బ్రాక్‌ల్స్‌బీ జమీందారుకు ఒక గోపుర గడియారం చేసి ఇచ్చాడు. ఆ రోజులలో గడియారాలకు వేసే నూనె చలికి గడ్డకట్టి యంత్రాన్ని ఆపివేసేది. హారిసన్ సహజంగానే జిడ్డు ఊరే ఒక ఉష్ణదేశపు కర్రను ఇరుసుల చోట వాడి నూనె అవసరాన్నే తప్పించాడు. ఆ గడియారం నేటికీ నడుస్తున్నది. తరువాత తమ్ముడు జేమ్స్‌తో కలసి, ఎండకు సాగి చలికి కుంచించుకుపోయే లోలకపు దోషాన్ని సవరించాడు. ఇత్తడి కడ్డీలనూ ఉక్కు కడ్డీలనూ జంటగా అమర్చి, ఒకటి సాగిన మేరకు మరొకటి దానిని సరిదిద్దేటట్లు చేశాడు.

ఇక్కడ కొంచెం భూగోళశాస్త్రం చెప్పుకోవాలి. భూమి గంటకు 15 డిగ్రీల చొప్పున తిరుగుతుంది. అనగా ఒక్క డిగ్రీకి 4 నిమిషాలు. కాకినాడలో సూర్యుడు నడినెత్తికి వచ్చిన తరువాత సుమారు పావుగంటకు గాని హైదరాబాదులో మధ్యాహ్నం కాదు. ఈ తేడా తెలిస్తే రెండు ఊళ్ళ మధ్య రేఖాంశాల తేడా తెలిసినట్లే. నడిసముద్రంలో ఉన్న నావికుడు తానున్నచోటి మధ్యాహ్నాన్ని సూర్యుని చూచి తెలుసుకోగలడు. కాని ఆ క్షణాన తన రేవులో వేళ ఎంతో అతనికి ఎవరు చెప్పాలి? ఓడ ఊగిసలాటలో లోలకపు గడియారం పనికిరాదు. 1707లో నాలుగు ఆంగ్ల యుద్ధనౌకలు తామున్న చోటు తెలియక సిల్లీ దీవుల రాళ్ళకు కొట్టుకొని, వందలాది నావికులు జలసమాధి అయ్యారు. 1714లో పార్లమెంటు శాసనం చేసి, రేఖాంశాన్ని అర డిగ్రీ లోపున తేల్చే ఉపాయానికి 20,000 పౌన్ల బహుమానం ప్రకటించి, తీర్పునకు ఒక మండలిని ఏర్పరచింది.

హారిసన్ 1718లో ఎలిజబెత్ బారెల్‌ను వివాహమాడాడు. వారికి జాన్ అనే కుమారుడు కలిగాడు. 1726లో ఆ ఇల్లాలు మరణించగా, అదే సంవత్సరం ఎలిజబెత్ స్కాట్‌ను చేసుకొన్నాడు. 1728లో విలియం, 1732లో ఒక కుమార్తె జన్మించారు. పెద్ద కుమారుడు యౌవనంలోనే, 1738లో, కన్నుమూశాడు. పనిలో మునిగిన మనిషి ఇంట కూడా మరణం తన పని తాను చేసుకొనిపోతుంది.

సుమారు 1730లో ఆయన తన పటాలను పట్టుకొని లండనుకు పోయి హ్యాలీని దర్శించాడు. హ్యాలీ పెద్దమనస్సుతో ఆయనను ప్రసిద్ధ గడియార నిర్మాత జార్జి గ్రహాం వద్దకు పంపాడు. ఉదయం మొదలైన వారి మాటలు పొద్దుగూకేదాకా సాగినవట. గ్రహాం వడ్డీ లేకుండా డబ్బు సర్దాడు. ఒక వృత్తివాని విద్యను మరొక వృత్తివాడు గుర్తించినంత త్వరగా పండితుడు గుర్తించడన్నది నా అభిప్రాయం. 1735లో మొదటి సముద్ర గడియారం సిద్ధమైనది. బరువు సుమారు 34 కిలోలు. 1736లో దానితో లిస్బను దాకా పోయి వచ్చాడు. తిరుగు ప్రయాణంలో ఎదుట కనిపించిన ఒడ్డు ఫలానా అని ఓడ అధికారి చెప్పగా, హారిసన్ అది లిజార్డ్ అగ్రమని వాదించాడు. చివరకు ఆయన మాటే నిజమైనది. వారి లెక్క సుమారు 60 మైళ్ళు తప్పింది.

అప్పుడే బహుమానపు పరీక్ష కోరి ఉండవచ్చు. మండలి ఎదుట నిలబడి ఆయన చేసిన పని తన గడియారంలోని లోపాలను తానే ఎత్తిచూపడం! ఇంతకంటె మంచిది చేస్తానని కొద్ది ధనసహాయం మాత్రం అడిగాడు. రెండవ గడియారం చేసి, అందులోనూ దోషం కనిపెట్టి, దానిని పరీక్షకే పంపలేదు. మూడవదానిపై పందొమ్మిది సంవత్సరాలు ఖర్చు చేశాడు. దానికోసం ఆయన కల్పించిన జంటలోహపు పట్టీ నేడు ఉష్ణోగ్రతను అదుపుచేసే సాధనాలలోనూ, రోలరు బేరింగు లెక్కలేనన్ని యంత్రాలలోనూ పనిచేస్తున్నవి. అన్ని సంవత్సరాలూ రెడ్ లయన్ స్క్వేరులోని ఆ ఇల్లే కర్మాగారం. కుమారుడు విలియం ఆ చప్పుళ్ళ మధ్యనే పెరిగి తండ్రికి కుడిచేయి అయ్యాడు. ముగియని పనిని నమ్ముకొన్న మగనితో సంసారం నెట్టుకొచ్చిన ఆ ఇల్లాలిని చరిత్రకారులు తలవరు, మనమైనా తలవాలి.

1759లో అసలు అద్భుతం వెలువడింది. నాలుగవది పెద్ద జేబుగడియారం వంటిది. అడ్డుకొలత 13 సెంటీమీటర్లు, బరువు కిలోన్నరకు లోపు. బండంత యంత్రాలతో ముప్పై ఏళ్ళు పెనగులాడినవాడు, మార్గం చిన్నదానిలో ఉన్నదని తెలియగానే మారు ఆలోచించక అటు మళ్ళాడు. 1761 నవంబరులో దానితో జమైకాకు బయలుదేరినవాడు విలియం. తండ్రికి అప్పటికి 68 ఏళ్ళు. దారిలో మదీరా దీవి ఎప్పుడు కనబడుతుందో విలియం ముందే చెప్పాడు. నావికులు శంకించారు, దీవి కనబడింది. జమైకా చేరేసరికి గడియారపు తేడా సుమారు 5 సెకండ్లు.

మండలి ఒప్పుకోలేదు. జమైకా రేఖాంశమే సరిగా తెలియదనీ, గడియారం రోజుకెంత తప్పుతుందో ముందుగా తెలుపలేదనీ, ఫలితం యాదృచ్ఛికం కావచ్చుననీ అన్నది. హారిసన్‌పై గౌరవంతో మండలివారిని దుర్మార్గులుగా చిత్రించడం నాకు సమ్మతం కాదు. ఒక్క మనిషి మాత్రమే చేయగల ఒకే ఒక్క గడియారం నౌకాదళానికంతటికీ ఎలా ఉపయోగిస్తుందన్న ప్రశ్న న్యాయమైనదే. అయితే ప్రశ్నించినవారిలో నెవిల్ మాస్కెలిన్ వంటి ఖగోళ పండితులు చంద్రుని గమనాన్ని బట్టి రేఖాంశం గణించే పద్ధతికి పక్షపాతులు. పోటీదారే తీర్పరి అయితే నెగ్గినవానికి శాంతి ఉండదు. 1764లో బార్బడోసు ప్రయాణంలో తేడా 39 సెకండ్లు. శాసనం అనుమతించినదానిలో మూడవ వంతు మాత్రమే. అయినను, గడియారాన్ని విప్పి రహస్యమంతా వెల్లడిస్తే సగం సొమ్ము, ఇతరులు అటువంటివి చేయగలరని రుజువైతే మిగిలినది అని 1765లో కొత్త శాసనం వచ్చింది. వృద్ధుడు విప్పి చూపాడు. మరుసటి ఏడు మాస్కెలిన్ వచ్చి మొదటి మూడు గడియారాలను కూడ ఇంటినుండి తీసుకొనిపోయాడు. తరలింపులో మొదటిది క్రిందపడింది.

లార్కం కెండల్ చేసిన నకలును కెప్టెన్ కుక్ 1772లో తన రెండవ మహాయాత్రకు తీసుకొనిపోయి మిక్కిలి మెచ్చుకొన్నాడు. అంతలో తండ్రీకొడుకులు అయిదవ గడియారం చేశారు. విలియం మూడవ జార్జి రాజును ఆశ్రయించాడు. రాజు తన సొంత వేధశాలలో పది వారాలు దానిని పరీక్షించగా, రోజుకు సెకండులో మూడవ వంతుకు మించి తేడా రాలేదు. రాజు పట్టుదల తోడై, 1773లో పార్లమెంటు 8,750 పౌన్లు మంజూరు చేసింది. మండలి మాత్రం ఆ మహాబహుమానాన్ని ఎవరికీ ఇవ్వలేదు. అప్పటికి హారిసన్ వయస్సు ఎనభై.

చేతితో చెప్పగలిగినదంతా కలంతో చెప్పలేకపోవడం ఆయన దురదృష్టం. 1775లో ప్రకటించిన చిన్న గ్రంథం ముళ్ళకంపవంటి వాక్యాలతో నిండి ఉన్నది. నూరు రోజులలో ఒక్క సెకండు మాత్రమే తప్పే లోలకపు గడియారం సాధ్యమని అందులో వ్రాస్తే విమర్శకులు నవ్విపోయారు. ఆ సూచనలను అనుసరించి మన కాలంలో చేసిన గడియారాన్ని గ్రీనిచ్‌లో నూరు రోజులు పరీక్షించి 2015లో ఫలితం ప్రకటించారు. తేడా ఒక్క సెకండు కూడా లేదు.

హారిసన్ 1776 మార్చి 24న, తన ఎనభై మూడవ జన్మదినాన, లండనులోని స్వగృహంలో మరణించాడు. హాంప్‌స్టెడ్ చర్చి ఆవరణలో సమాధి చేశారు. మరుసటి ఏడు భార్య, 1815లో విలియం ఆయన సరసనే చేరారు. శిథిలమైన ఆ సమాధిని 1879లో లండను గడియార నిర్మాతల సంఘం తన ఖర్చుతో తిరిగి కట్టించింది. హారిసన్ ఆ సంఘంలో ఏనాడూ సభ్యుడు కాదు.