జస్టిస్ కోకా సుబ్బారావు గారు

కీ.శే. జస్టిస్ కోకా సుబ్బారావు గారు 1902లో మన రాజమండ్రిలో జన్మించారు. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి. 1966లో సుప్రీంకోర్టుకు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు.

1967లో గోలక్‌నాథ్ కేసులో 6-5 మెజారిటీతో, ప్రాథమిక హక్కులను పార్లమెంటు సవరణ చేసి కూడా తగ్గించరాదని తీర్పు చెప్పారు. మరి పాత సవరణలూ చెల్లవంటే జమీందారీల రద్దు, భూసంస్కరణలు తలక్రిందులే కదా! అందుకు వారు అమెరికా కోర్టుల పద్ధతి ఒకటి తెచ్చి, తీర్పు ఇకముందుకే వర్తిస్తుందన్నారు. జీవో ఏ తేదీ నుండి అమలన్నది ఎంత ముఖ్యమో పింఛనుదారులకు వేరే చెప్పనక్కరలేదు.

అయితే దానిని యథాతథంగా దించుకోలేదు. రాజ్యాంగ విషయాలకే, సుప్రీంకోర్టుకే పరిమితం చేశారు. నా దృష్టిలో వారి ప్రజ్ఞ అక్కడే ఉంది. 1973లో కేశవానంద భారతి తీర్పు గోలక్‌నాథ్‌ను త్రోసిపుచ్చినా, ఆ పద్ధతి మాత్రం మన కోర్టులలో నిలిచిపోయింది. వారు 1976లో స్వర్గస్థులయ్యారు.