అలిక్ ఐజాక్స్

అలిక్ ఐజాక్స్ (జూలై 17, 1921 - జనవరి 26, 1967) స్కాట్లాండుకు చెందిన ప్రముఖ వైరస్ శాస్త్రవేత్త. స్విట్జర్లాండుకు చెందిన జీన్ లిండెన్‌మన్‌తో కలసి ఇంటర్‌ఫెరాన్‌ను కనుగొని 1957లో లోకానికి వెల్లడించాడు. వైరస్ సోకిన జీవకణం తన ఇరుగుపొరుగు కణాలకు పంపే హెచ్చరిక వంటిది ఈ పదార్థం. ఇది వైరస్‌ను నేరుగా నశింపజేయదు. దీనిని అందుకొన్న కణమే కొన్ని ప్రత్యేకమైన ప్రొటీన్‌లను తయారుచేసుకొని, తనలో వైరస్ వృద్ధి చెందకుండా అడ్డుకొంటుంది. ఆ ప్రొటీన్‌లు ఒక్కొక్కటిగా వెలుగులోకి రాకముందే, 45 ఏళ్ల వయసులో ఐజాక్స్ మరణించాడు.

బాల్యం, విద్య

ఐజాక్స్ గ్లాస్గో నగరంలో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. ఈయన తాత లిథువేనియా నుండి వలస వచ్చినవాడు. తండ్రి లూయిస్ దుకాణదారు. ఐజాక్స్ పొల్లాక్‌షీల్డ్స్ పాఠశాలలో చదివి, గ్లాస్గో విశ్వవిద్యాలయం నుండి 1944లో వైద్యపట్టా పొందాడు. అయితే రోగులకు చికిత్స చేసే వృత్తిలో స్థిరపడక, మరుసటి సంవత్సరమే అదే విశ్వవిద్యాలయపు బాక్టీరియాలజీ శాఖలో పరిశోధకుడిగా చేరాడు. 1947లో షెఫీల్డు వెళ్ళి, ఇన్‌ఫ్లుయెంజా నిపుణుడైన చార్లెస్ స్టూవర్ట్-హారిస్ వద్ద పనిచేసాడు. ఆ తరువాత ఈయన జీవితమంతా ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌తోనే ముడిపడింది.

1948లో రాక్‌ఫెల్లర్ ఉపకార వేతనంపై ఆస్ట్రేలియా వెళ్ళి, మెల్‌బోర్న్‌లోని వాల్టర్ అండ్ ఎలైజా హాల్ సంస్థలో మాక్‌ఫార్లేన్ బర్నెట్ వద్ద రెండేళ్లపాటు పరిశోధన చేసాడు. (బర్నెట్‌కు 1960లో నోబెల్ బహుమతి లభించింది.) ఈయన 1949లో సుసానాను వివాహమాడాడు. ఆమె పిల్లల మనోవైద్యురాలు. వీరికి కవలలైన ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె కలిగారు.

వైరస్‌ల పరస్పర నిరోధం

మెల్‌బోర్న్‌లో ఐజాక్స్‌ను ఆకర్షించిన విషయం ఒకటుంది. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడనట్లు, ఒక వైరస్ సోకిన కణంలో రెండవ వైరస్ సాధారణంగా వృద్ధి చెందలేదు. 1937లోనే ఇంగ్లండులో మెకల్లమ్, ఫిండ్లే అనే పరిశోధకులు కోతులపై దీనిని చూపారు. రిఫ్ట్ వ్యాలీ జ్వరపు వైరస్ సోకిన కోతులు, మామూలుగానైతే ప్రాణాంతకమైన పచ్చజ్వరపు వైరస్‌ను తట్టుకొని బ్రతికాయి. ఈ రెండు వైరస్‌లకూ బంధుత్వం లేదు కాబట్టి ఇది యాంటీబాడీల పని కాదు. మొదటి వైరస్ వేడికి నిర్జీవమై ఉన్నా కూడా ఈ నిరోధం కలగడం మరీ ఆశ్చర్యకరం. కణంలోకి ప్రవేశించే ద్వారాలను మొదటి వైరస్ ఆక్రమించుకోవడమే కారణమని కొందరు, కణంలోని ముడిపదార్థాలను అది వాడుకోవడమే కారణమని మరికొందరు భావించేవారు. నిర్జీవ వైరస్ ముడిపదార్థాలను ఎలా వాడుకొంటుందన్న ప్రశ్నకు మాత్రం జవాబు లేదు.

ఇంగ్లండుకు తిరిగివచ్చిన ఐజాక్స్, లండన్ శివారు మిల్ హిల్‌లోని జాతీయ వైద్య పరిశోధన సంస్థలో చేరి, క్రిస్టఫర్ ఆండ్రూస్ నేతృత్వంలో ప్రపంచ ఇన్‌ఫ్లుయెంజా కేంద్రం బాధ్యతలు చూసాడు. పలు దేశాల నుండి వచ్చే ఇన్‌ఫ్లుయెంజా వైరస్ నమూనాలను పోల్చి చూడడం ఈ కేంద్రం పని. పరస్పర నిరోధం గురించిన ఆలోచనను ఈ పనుల మధ్య కూడా ఆయన వదిలిపెట్టలేదు.

ఇంటర్‌ఫెరాన్ ఆవిష్కరణ

1956లో జీన్ లిండెన్‌మన్ జ్యూరిక్ నుండి ఒక సంవత్సరపు ఉపకార వేతనంపై మిల్ హిల్‌కు వచ్చాడు. తమ ఇద్దరి ఆసక్తీ ఒకటేనని మాటల్లో తెలుసుకొని, ఆ సెప్టెంబరులో కలసి ప్రయోగాలు ఆరంభించారు. నిర్జీవ వైరస్‌లో ఏ భాగం కణంలోకి పోతుంది, ఏ భాగం బయట మిగులుతుంది అన్నది వారు మొదట వేసుకొన్న ప్రశ్న. ఇందుకోసం లోపలి పదార్థం తీసివేసిన ఎర్ర రక్తకణాల డొల్లలకు వైరస్‌ను అతికించి, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పరిశీలించారు. ఆ ప్రశ్నకు తేటైన జవాబు రాలేదు. అయితే వైరస్‌ను మించిన నిరోధశక్తి, కణాలు మునిగి ఉన్న ద్రవంలో కనిపించసాగింది.

ఆపైన వారు చేసిన ప్రయోగం చాలా సరళమైనది. కోడిగుడ్డులో పెరిగే పిండాన్ని ఆవరించి ఉండే పొరను ముక్కలుగా కోసి, వేడిచేసి నిర్జీవం చేసిన ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌తో పరీక్షనాళికలలో కలిపి ఉంచారు. తరువాత పొరలను కడిగి, మిగిలిన వైరస్‌ను తొలగించి, కొత్త ద్రవంలో వేసారు. మర్నాడు ఆ ద్రవాన్ని తీసి, వైరస్ ఎన్నడూ తాకని తాజా పొరలపై పోసి, ఆ తరువాత సజీవ వైరస్‌ను కలిపారు. తాజా పొరలలో వైరస్ వృద్ధి బాగా తగ్గిపోయింది. అంటే పాత పొరలు తామే ఒక కొత్త పదార్థాన్ని తయారుచేసి ద్రవంలోకి విడిచాయి. వైరస్ తాకిన వెంటనే ఇది కనిపించలేదు, సుమారు మూడు గంటల తరువాతే పొరలలో కనబడింది. ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌ను అణచే సీరమ్ దీనిని అణచలేకపోయింది కాబట్టి ఇది వైరస్ తునక కాదు. ప్రొటీన్‌లను ఛేదించే ఎంజైము దీనిని నాశనం చేసింది కాబట్టి ఇది ప్రొటీనే.

ఈ పదార్థానికి ఇంటర్‌ఫెరాన్ అని పేరు పెట్టారు. భౌతిక శాస్త్రవేత్తలకు ఎలక్ట్రాన్, న్యూట్రాన్ ఉన్నట్లు జీవశాస్త్రవేత్తలకు కూడా ఒక మౌలిక కణం ఉండాలన్న సరదా ఈ పేరు వెనుక ఉంది. ఈ ఫలితాలు 1957లో రాయల్ సొసైటీ పత్రికలో రెండు వ్యాసాలుగా ప్రచురితమయ్యాయి. అదే సంవత్సరం లిండెన్‌మన్ స్వదేశానికి వెళ్ళిపోయాడు.

టోక్యోలో యసుయిచి నగానో, యసుహికో కొజిమా 1954లోనే కుందేళ్ల చర్మంపై వాక్సీనియా వైరస్‌తో చేసిన ప్రయోగాలలో ఇటువంటి నిరోధక పదార్థాన్ని గమనించారు. ఆ వ్యాసాలు ఫ్రెంచి భాషలో వెలువడడం వల్ల చాలామంది దృష్టికి రాలేదు. కాలక్రమంలో మొదటి స్థానం వారిదే అయినా, అది కణమే తయారుచేసే కొత్త పదార్థమని స్పష్టంగా నిరూపించిన ఘనత మిల్ హిల్ ప్రయోగాలకు దక్కుతుంది.

సందేహాలు, చికిత్సా ప్రయత్నాలు

పత్రికలు ఇంటర్‌ఫెరాన్‌ను వైరస్‌లకు పెన్సిలిన్ వంటిదని పొగడగా, తోటి శాస్త్రవేత్తలలో చాలామంది దాని ఉనికినే శంకించారు. పేరును విరిచి, తప్పుడు వ్యాఖ్యానం వల్ల పుట్టిన పదార్థమనే అర్థం వచ్చేటట్లు మిస్‌ఇంటర్‌ప్రెటాన్ అని హేళన చేసినవారూ ఉన్నారు. ఈ సందేహాలు పూర్తిగా అన్యాయమైనవి కావు. ఇంటర్‌ఫెరాన్ అతి స్వల్ప మోతాదులోనే పనిచేస్తుంది, లభించేది కూడా అతి స్వల్పంగానే. రసాయన శాస్త్రవేత్త డెరెక్ బర్క్ ఐజాక్స్‌తో కలసి దానిని శుద్ధిచేయడానికి ఏళ్లతరబడి శ్రమించినా సాధ్యపడలేదు. చేతికి చిక్కని పదార్థాన్ని నమ్మమనడం కష్టమే.

పైగా కోడి కణాల ఇంటర్‌ఫెరాన్ కోడి కణాలలోనే బాగా పనిచేస్తుంది. అందుచేత మనుషులపై పరీక్షించడానికి కోతి మూత్రపిండ కణాల నుండి దానిని తయారుచేసారు. ఇందులో బ్రిటిష్ ఔషధ సంస్థలు కూడా పాలుపంచుకొన్నాయి. ఈ ఇంటర్‌ఫెరాన్‌ను ముందుగా చర్మంలోకి ఎక్కించిన చోట మశూచి టీకా సరిగా పొక్కలేదని 1962లో వెల్లడించారు. జలుబుపై చేసిన ప్రయత్నం మాత్రం ఫలించలేదు.

కణం పాత్ర గురించి ఐజాక్స్ ఆలోచన ఈ దశలో మరింత ముందుకు సాగింది. ఇంటర్‌ఫెరాన్ వైరస్‌తో నేరుగా కలిసినా వైరస్‌కు హాని జరగదు, దానిని కణాలకు ముందుగా అందించి కొన్ని గంటల వ్యవధి ఇవ్వాలి. తనది కాని కేంద్రకామ్లాన్ని గుర్తించడం వల్లనే కణం ఇంటర్‌ఫెరాన్‌ను తయారుచేస్తుందని 1963లో ఈయన ప్రతిపాదించాడు. అప్పటి ప్రయోగాలు అంత బలమైనవి కాకపోయినా ఊహ సరైనదే. రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏ ఇంటర్‌ఫెరాన్‌ను పుట్టిస్తుందని 1967లో అమెరికాలో మారిస్ హిల్‌మన్ బృందం చూపింది.

అస్వస్థత, మరణం

1961లో ఆండ్రూస్ పదవీ విరమణ తరువాత ఐజాక్స్ వైరస్ విభాగానికి అధిపతి అయ్యాడు. అయితే 1958 నుండే ఈయన తీవ్రమైన మానసిక కుంగుబాటుకు తరచుగా గురవుతుండేవాడు. 1964 జనవరిలో మెదడులో రక్తస్రావం జరిగింది. కోలుకొన్నాక విభాగపు బాధ్యతలు తప్పించి, ఇంటర్‌ఫెరాన్ పరిశోధనకు ఒక ప్రత్యేక ప్రయోగశాలను ఈయనకు అప్పగించారు. 1966లో రాయల్ సొసైటీ సభ్యుడిగా ఎన్నికయ్యాడు. 1967 జనవరి 26న మళ్ళీ మెదడులో రక్తస్రావం కలిగి లండన్‌లో మరణించాడు.

కణంలో జరిగేదేమిటి?

కణం కొత్త ఆర్‌ఎన్‌ఏను తయారుచేయకుండా ఆక్టినోమైసిన్ అనే మందుతో ఆపితే ఇంటర్‌ఫెరాన్ పనిచేయదని 1964లో తేలింది. అంటే అసలు అడ్డంకి ఇంటర్‌ఫెరాన్ కాదు, దాని ప్రేరణతో కణం కొత్తగా తయారుచేసుకొనేది మరేదో ఉంది. ఆ మరేదో ఒకటి కాదని, వందలాది జన్యువుల పని అని తరువాతి దశాబ్దాలలో తెలిసింది. ఇంటర్‌ఫెరాన్ కణం వెలుపలి గ్రాహకాన్ని తాకగానే, లోపల స్టాట్ అనే ప్రొటీన్‌లు ఆ సంకేతాన్ని కేంద్రకానికి మోసుకుపోయి ఈ జన్యువులను మేల్కొలుపుతాయి.

ఈ ప్రొటీన్‌లలో ముందుగా అర్థమైనవాటిలో ఒకటి మిల్ హిల్‌లోనే బయటపడడం విశేషం. ఐజాక్స్ పనిచేసిన సంస్థలోనే ఇయాన్ కెర్ 1970లలో ఒక వింత చిన్న అణువును కనుగొన్నాడు. ఇంటర్‌ఫెరాన్ అందిన కణంలో ఓఏఎస్ అనే ఎంజైము పెరుగుతుంది. వైరస్ వృద్ధిలో ఏర్పడే రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏ కనబడగానే ఈ ఎంజైము ఆ చిన్న అణువును తయారుచేస్తుంది. అది ఆర్‌ఎన్‌ఏజ్-ఎల్ అనే మరొక ఎంజైమును నిద్రలేపగా, అది ఆర్‌ఎన్‌ఏను తునకలు చేస్తుంది. వైరస్ ఆర్‌ఎన్‌ఏతోపాటు కణం ఆర్‌ఎన్‌ఏ కూడా ఇందులో తెగిపోతుంది.

పీకేఆర్ అనే మరొక ప్రొటీన్ కూడా రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏనే పసిగడుతుంది. కానీ దాని పద్ధతి వేరు. ప్రొటీన్ తయారీని మొదలుపెట్టే ఇఐఎఫ్-2 అనే అంశానికి అది ఒక ఫాస్ఫేటును తగిలిస్తుంది. దానితో రైబోజోములు పని ఆపేస్తాయి, వైరస్‌కు కావలసిన ప్రొటీన్‌లు తయారుకావు. ఈ రెండు ఆయుధాలూ కణానికే నష్టం కలిగించగలవు. అందుకే ఇంటర్‌ఫెరాన్ వాటిని సిద్ధంగా మాత్రమే ఉంచుతుంది, వైరస్ జాడ దొరికినప్పుడే అవి పనిచేస్తాయి.

ఎంఎక్స్ అనే ప్రొటీన్ కథ లిండెన్‌మన్‌కు చెందినది. 1960ల ఆరంభంలో ఆయన ఇన్‌ఫ్లుయెంజా సోకినా చావని ఒక ఎలుకల జాతిని గుర్తించాడు. ఆ శక్తి ఒకే జన్యువు వల్ల కలుగుతోందని, ఆ జన్యువును నడిపేది ఇంటర్‌ఫెరానేనని తరువాత తేలింది. సాధారణ ప్రయోగశాల ఎలుకలలో చాలా జాతులకు ఈ జన్యువు చెడిపోయి ఉంటుంది. ఆ తరువాత కనుగొన్నవాటిలో ఐఎఫ్‌ఐటీఎం-3 వైరస్ పైపొర కణపు పొరతో కలిసిపోకుండా ఆపుతుంది. టెథరిన్ తయారైన వైరస్‌లను కణానికే కట్టివేసి బయటికి పోనివ్వదు. వైరస్‌లు కూడా ఊరుకోలేదు. ఇన్‌ఫ్లుయెంజా వైరస్ తన ఎన్‌ఎస్-1 ప్రొటీన్‌తో రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏను కప్పిపెట్టి, కణం దానిని గుర్తించకుండా చేస్తుంది.

ఔషధంగా

1970లలో ఫిన్లాండులో కారి కాంటెల్ రక్తదాతల తెల్ల రక్తకణాల నుండి మానవ ఇంటర్‌ఫెరాన్‌ను తయారుచేసాడు. 1980లో జ్యూరిక్‌లో చార్లెస్ వైస్‌మన్ బృందం దాని జన్యువును బాక్టీరియాలో ప్రవేశపెట్టడంతో కొరత తీరింది. అమెరికాలో 1986లో ఒక రకం రక్త కాన్సరుకు, ఆ తరువాత హెపటైటిస్-బి, సి వ్యాధులకు అనుమతి లభించింది. హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ సంస్థ కూడా 2000 దశకం ఆరంభంలో ఇంటర్‌ఫెరాన్ ఆల్ఫాను తయారుచేసింది. జ్వరం, నీరసం, కుంగుబాటు ఈ మందు దుష్ఫలితాలు. హెపటైటిస్-సికి 2013 తరువాత వచ్చిన మాత్రలు దీని స్థానాన్ని ఆక్రమించాయి.

2020లో కోవిడ్-19 తీవ్రమైన రోగులలో సుమారు పదింట ఒకరికి, తమ ఇంటర్‌ఫెరాన్‌నే అణచివేసే యాంటీబాడీలు ఉన్నాయని పరిశోధకులు కనుగొన్నారు. ఐజాక్స్‌కు గానీ, 2015లో మరణించిన లిండెన్‌మన్‌కు గానీ నోబెల్ బహుమతి రాలేదు.