ఫియొరెల్లో లా గార్డియా

ఫియొరెల్లో హెన్రీ లా గార్డియా (డిసెంబరు 11, 1882 - సెప్టెంబరు 20, 1947) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన రాజకీయ నాయకుడు, న్యాయవాది, విమాన చోదకుడు. 1934 నుండి 1945 వరకు వరుసగా మూడు పర్యాయాలు న్యూయార్క్ నగర మేయరుగా పనిచేశాడు. కార్మికుల హక్కులు, పేదలకు ఇళ్ళు, నగర పాలనలో అవినీతిపై పోరాటం వంటి అనేక విషయాలతో ఇతని పేరు ముడిపడి ఉన్నది. అయినా ప్రపంచంలో ఎక్కువమందికి ఆ పేరు తెలిసినది క్వీన్స్ ప్రాంతంలో ఇతడు పట్టుబట్టి కట్టించిన విమానాశ్రయం వలననే. విమానాశ్రయం నగరానికి ఎంత దగ్గరగా ఉండాలి, ఎంత పెద్దదిగా ఉండాలి, దానికి డబ్బు ఎవరు పెట్టాలి అనే ప్రశ్నలకు అప్పటికి ఏ దేశంలోనూ స్థిరమైన సమాధానాలు లేవు. ఆ ప్రశ్నలతో పాలకునిగా నేరుగా తలపడిన తొలితరం వారిలో ఇతడు ఒకడు.

జననం, విద్య

లా గార్డియా న్యూయార్క్‌లోని గ్రీనిచ్ విలేజ్‌లో జన్మించాడు. తండ్రి అకిల్లే దక్షిణ ఇటలీలోని ఫోజా నగర సమీపంలో ఉన్న చెరిన్యోలాకు చెందినవాడు. తల్లి ఐరీన్ ట్రియెస్టే నగరానికి చెందిన యూదు కుటుంబంలో పుట్టింది. ఫియొరెల్లో అనగా ఇటాలియన్ భాషలో చిన్న పువ్వు అని అర్థం. పొట్టిగా ఉండి, పెద్ద గొంతుతో మాట్లాడే ఈ మనిషికి ఆ పేరు జీవితాంతం ముద్దుపేరుగా కూడా నిలిచింది. తండ్రి అమెరికా సైన్యంలో బ్యాండు నాయకుడు కావడం వలన బాల్యం చాలావరకు ఆరిజోనాలోని సైనిక స్థావరాలలో గడిచింది. తరువాత కుటుంబం ట్రియెస్టే చేరింది. యువకుడు బుడాపెస్ట్, ఫియూమె నగరాలలో అమెరికా కాన్సులేటు కార్యాలయాలలో పనిచేసి అనేక భాషలు నేర్చుకున్నాడు. న్యూయార్క్ తిరిగివచ్చి 1907 నుండి 1910 వరకు ఎల్లిస్ దీవిలో వలస వచ్చేవారికి దుబాసీగా ఉంటూ, రాత్రివేళ న్యాయశాస్త్రం చదివి న్యాయవాది అయ్యాడు.

విమానయానంతో పరిచయం

విమానాలపై ఇతని మోజుకు కారణం జుసెప్పె బెల్లాంకా అనే ఇటాలియన్ విమాన రూపశిల్పి. బెల్లాంకా లాంగ్ ఐలాండ్‌లోని మినియోలాలో విమాన పాఠశాల నడిపేవాడు. లా గార్డియా అక్కడ విమానం నడపడం నేర్చుకొని, ప్రతిగా బెల్లాంకాకు కారు నడపడం నేర్పాడని చెబుతారు.

1916లో అమెరికా ప్రతినిధుల సభకు ఎన్నికైన లా గార్డియా, మరుసటి సంవత్సరం అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలో ప్రవేశించగానే సైన్యపు విమాన విభాగంలో చేరాడు. సభ్యత్వం వదులుకోకుండానే ఇటలీ వెళ్ళి, ఫోజాలో శిక్షణ పొందుతున్న అమెరికా చోదకుల బాధ్యతలు చూశాడు. అది తండ్రి పుట్టిన ప్రాంతమే కావడం విశేషం. కాప్రోని బాంబర్లలో యుద్ధరంగంపై ఎగిరి, మేజరు హోదాతో తిరిగివచ్చాడు. ఇతనిది అంత నేర్పరి చోదకుని చేయి కాదు. ఒక ప్రమాదంలో గాయపడ్డాడు కూడా. కాని విమానం దిగడానికి ఎటువంటి నేల కావాలో ఇంజనీర్ల నివేదికల ద్వారా కాక స్వానుభవంతో తెలుసుకున్న రాజకీయ నాయకులు ఆనాడు బహు అరుదు.

ప్రతినిధుల సభలో

1921లో భార్య థియా, పసిబిడ్డ ఇద్దరూ మరణించారు. ఆ దుఃఖం నుండి తేరుకొని 1923లో తిరిగి ప్రతినిధుల సభలో ప్రవేశించిన లా గార్డియా, పదేళ్ళు అక్కడ ఉన్నాడు. కార్మిక వివాదాలలో కోర్టు నిషేధాజ్ఞలను పరిమితం చేసిన 1932 నాటి నోరిస్ - లా గార్డియా చట్టం ఈ కాలపు ప్రధాన విజయం. వైమానిక దళానికి ప్రాధాన్యం కోరి పైఅధికారులను బహిరంగంగా విమర్శించిన బిల్లీ మిచెల్‌ను 1925లో సైనిక న్యాయస్థానం విచారించినపుడు లా గార్డియా అతనికి అనుకూలంగా సాక్ష్యమిచ్చాడు.

మన్‌హటన్ దక్షిణపు కొనకు ఎదురుగా ఉన్న గవర్నర్స్ దీవిని విమానాశ్రయంగా మార్చాలని ఇతడు 1920లలోనే ప్రతిపాదించాడు. ఆ దీవి సైన్యం చేతిలో ఉన్నది, సైన్యం ఒప్పుకోలేదు. మేయరు అయిన తరువాత కూడా చాలాకాలం ఈ ఆలోచనను వదలలేదు. చుట్టూ ఆకాశహర్మ్యాలు, ఓడల స్తంభాలు ఉన్న అంత చిన్న దీవి పెద్ద విమానాలకు ఎన్నాళ్ళు సరిపోయేదన్నది సందేహమే. నగర కేంద్రానికి సాధ్యమైనంత దగ్గరగా అన్నదే మొదటినుండి ఇతని పట్టుదల అని దీనివలన తెలుస్తుంది.

నెవార్క్‌తో పోటీ

1926 నాటి వాయు వాణిజ్య చట్టం చోదకులకు లైసెన్సులు, విమానాల తనిఖీ, వాయుమార్గాలలో దీపాల ఏర్పాటు వంటివి సమాఖ్య ప్రభుత్వానికి అప్పగించింది. విమానాశ్రయాలు కట్టే పనిని మాత్రం అది సమాఖ్య ప్రభుత్వానికి నిషేధించింది. ఓడరేవులో రేవుకట్టలు కట్టుకొనే బాధ్యత నగరాలదే అయినట్లు, విమానాశ్రయం కూడా నగరాలే చూసుకోవాలన్నది చట్టం వెనుక ఉన్న భావన. దీనితో నగరాల మధ్య పోటీ మొదలైంది. న్యూయార్క్ మేలుకొనేలోపే హడ్సన్ నదికి ఆవల, న్యూజెర్సీ రాష్ట్రంలోని నెవార్క్ నగరం చిత్తడి నేలను పూడ్చి 1928లో విమానాశ్రయం తెరిచింది. తపాలా శాఖ న్యూయార్క్ ప్రాంతపు విమాన తపాలాకు దానినే కేంద్రం చేసింది. ఆనాటి విమాన సంస్థలు బతికేది తపాలా ఆదాయం మీదనే కనుక ప్రయాణికుల విమానాలు కూడా అక్కడికే చేరాయి. 1935 డిసెంబరులో విమాన సంస్థలు తమ విమానాల రాకపోకలను నియంత్రించే తొలి కేంద్రాన్ని నెలకొల్పినది కూడా నెవార్క్‌లోనే. 1936లో సమాఖ్య ప్రభుత్వం దానిని స్వాధీనం చేసుకున్నది.

న్యూయార్క్ నగరం బ్రూక్లిన్ దక్షిణ తీరంలో ఫ్లాయిడ్ బెన్నెట్ ఫీల్డ్ అనే విమానాశ్రయం కట్టి 1931లో ప్రారంభించింది. కాంక్రీటు రన్‌వేలతో అది ఆ కాలపు మేలైన విమానాశ్రయాలలో ఒకటి. 1933లో ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టివచ్చిన వైలీ పోస్ట్, 1938లో నాలుగు రోజులలోపే అదే పని పూర్తిచేసిన హోవర్డ్ హ్యూస్ బయలుదేరినది అక్కడినుండే. లోపమల్లా దారిలో ఉన్నది. అక్కడినుండి మన్‌హటన్ చేరాలంటే బ్రూక్లిన్ వీధులన్నీ దాటాలి. నెవార్క్ నుండి అయితే కొత్త రహదారి, నది కింది హాలండ్ సొరంగం ఉన్నాయి. నది దాటి మరో రాష్ట్రంలో ఉన్న విమానాశ్రయమే నగరవాసులకు తొందరగా అందేది.

1934 నవంబరులో షికాగో నుండి తిరిగివస్తూ నెవార్క్‌లో దిగిన విమానం నుండి మేయరు లా గార్డియా కదలనని భీష్మించాడు. తన టికెట్టు మీద న్యూయార్క్ అని ఉన్నదనీ, నెవార్క్ న్యూయార్క్ కాదనీ ఇతని వాదన. చివరకు విమాన సంస్థ ఇతనిని ఫ్లాయిడ్ బెన్నెట్ ఫీల్డ్‌కు చేర్చవలసి వచ్చింది. విమానంలోనే పత్రికల వారితో మాట్లాడి, నగరానికి సొంత విమానాశ్రయం కావాలని కోరాడు. ఇది ప్రచారం కోసం చేసిన పని అనడంలో సందేహం లేదు, కాని ఆ ప్రచారంతో విషయం పాలకుల గదులనుండి ప్రజల నోళ్ళలోకి వచ్చింది. అయినా తపాలా శాఖ 1936లో విమాన తపాలాను బ్రూక్లిన్‌కు మార్చడానికి నిరాకరించింది. మెరుగైన రన్‌వేలు ఉంటే చాలదు, నగరానికి దగ్గరి దారి ఉండాలన్న సంగతి దీనితో లా గార్డియాకు స్పష్టమైంది.

నార్త్ బీచ్ విమానాశ్రయం

క్వీన్స్ ఉత్తర తీరంలోని నార్త్ బీచ్ ఒకప్పుడు వినోద స్థలం. 1929లో అక్కడ 105 ఎకరాలలో గ్లెన్ కర్టిస్ పేరుమీద ఒక ప్రైవేటు విమాన మైదానం వెలిసింది. మన్‌హటన్ నడిబొడ్డుకు ఎనిమిది మైళ్ళ దూరం. 1936లో తెరచిన ట్రైబరో వంతెన, అప్పుడు నిర్మాణంలో ఉన్న క్వీన్స్ - మిడ్‌టౌన్ సొరంగం దారిని మరింత సుగమం చేస్తాయి. లా గార్డియా ఈ స్థలాన్ని ఎంచుకున్నాడు.

డబ్బు సమస్యకు ఆర్థిక మాంద్యమే పరిష్కారం చూపింది. విమానాశ్రయాలకు నిధులివ్వకూడదన్న నిబంధన 1938 చట్టం వచ్చేదాకా ఉన్నది, కాని నిరుద్యోగులకు పని కల్పించే సంస్థ డబ్ల్యు.పి.ఎ. చేపట్టే పనులకు ఆ అడ్డు లేదు. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఆమోదంతో 1937 సెప్టెంబరులో పని మొదలైంది. మొత్తం 558 ఎకరాలలో 357 ఎకరాలు సముద్రపు పాయను పూడ్చి సంపాదించినవే. ఎదురుగా ఉన్న రైకర్స్ దీవిలో దశాబ్దాలుగా పేరుకొన్న నగరపు చెత్తను, బూడిదను ప్రత్యేకంగా కట్టిన వంతెన మీదుగా లారీలలో తెచ్చి పోశారు. ఖర్చు సుమారు 4 కోట్ల డాలర్లు. ఇది దుబారా అని విమర్శకులు దుయ్యబట్టారు.

1939 అక్టోబరు 15న జరిగిన ప్రారంభోత్సవానికి మూడు లక్షలకు పైగా జనం వచ్చారు. డిసెంబరు 2న విమాన సర్వీసులు మొదలయ్యాయి. నగరం దానికి మేయరు పేరు పెట్టింది. అట్లాంటిక్ మహాసముద్రం దాటే నీటి విమానాల కోసం కట్టిన గుండ్రని మెరైన్ ఎయిర్ టెర్మినల్ ఇప్పటికీ నిలిచి ఉన్నది. విమానాలను చూడవచ్చేవారి నుండి పది సెంట్ల రుసుము వసూలు చేయడం కూడా మంచి ఆదాయ మార్గమైంది. విమాన సంస్థలు నెవార్క్‌ను వదిలి ఇక్కడికి తరలివచ్చాయి. ఫ్లాయిడ్ బెన్నెట్ ఫీల్డ్ 1941లో నౌకాదళం పాలైంది.

ఐడిల్‌వైల్డ్

నగరానికి చేరువగా ఉండటమే ఈ విమానాశ్రయానికి బలం, బలహీనత కూడా. మూడువైపులా నీరు, ఒకవైపు ఇళ్ళు. అతి పొడవైన రన్‌వే 6,000 అడుగులు మాత్రమే. పైగా చెత్తతో పూడ్చిన నేల కొద్ది సంవత్సరాలలోనే కుంగసాగింది. భారీ విమానాలు వస్తున్నాయని గ్రహించిన లా గార్డియా, తన పేరున్న విమానాశ్రయానికి పట్టుమని నాలుగేళ్ళు నిండకముందే మరొకదానికి పూనుకున్నాడు. జమైకా బే ఒడ్డున ఐడిల్‌వైల్డ్ గోల్ఫ్ మైదానం ఉన్నచోట 1943లో పని మొదలైంది. వెయ్యి ఎకరాలతో ఆలోచించిన పథకం పెరుగుతూ పోయి దాదాపు 5 వేల ఎకరాలకు చేరింది. ఈసారి చెత్త బదులు సముద్రపు పాయ నుండి తోడిన ఇసుకతో నేలను పూడ్చారు.

అంత పెద్ద విమానాశ్రయం ఖర్చును నగర ఖజానా మోయలేదన్నది తరువాతి మేయరు విలియం ఓడ్వయర్ కాలంలో తేలిపోయింది. 1947లో రెండు విమానాశ్రయాలను న్యూయార్క్ పోర్ట్ అథారిటీకి దీర్ఘకాలపు కౌలుకు ఇచ్చారు. న్యూయార్క్, న్యూజెర్సీ రాష్ట్రాల ఉమ్మడి సంస్థ ఇది; మరుసటి ఏడే నెవార్క్ విమానాశ్రయాన్ని కూడా చేపట్టింది. ఏ నగరంతో పోటీపడి లా గార్డియా విమానాశ్రయం కట్టాడో, ఆ నగరపు విమానాశ్రయమూ ఇతనిదీ ఒకే యాజమాన్యం కిందికి వచ్చాయి.

మరణం

మేయరు పదవి వదిలిన తరువాత లా గార్డియా 1946లో ఐక్యరాజ్యసమితి సహాయ పునరావాస సంస్థకు అధిపతిగా పనిచేశాడు. 1947 సెప్టెంబరు 20న క్లోమగ్రంథి క్యాన్సర్‌తో మరణించాడు. బ్రాంక్స్‌లోని వుడ్‌లాన్ శ్మశానవాటికలో సమాధి చేశారు. ఐడిల్‌వైల్డ్ ప్రారంభాన్ని ఇతడు చూడలేదు. అది 1948 జూలైలో తెరచుకున్నది.

తరువాతి కాలంలో

ఐడిల్‌వైల్డ్‌కు 1963 డిసెంబరులో కెన్నెడీ పేరు పెట్టారు. ఎయిర్ ఇండియా 1960 మే 14న తన న్యూయార్క్ సర్వీసును మొదలుపెట్టినది ఈ విమానాశ్రయానికే. 1965 వలస చట్టం తరువాత అమెరికా వెళ్ళిన తెలుగు వైద్యులు, ఇంజనీర్లలో అనేకులు ఇక్కడే దిగారు.

లా గార్డియా విమానాశ్రయంలో రద్దీ తగ్గించడానికి 1969లో గంటకు ఇన్ని విమానాలే అనే పరిమితి వచ్చింది. 1984 నుండి, శనివారాలు, డెన్వర్ నగరం మినహాయించి, 1,500 మైళ్ళకు మించిన దూరాలకు అక్కడినుండి విమానాలు నడపరాదన్న నిబంధన అమలులో ఉన్నది. 2012లో శాండీ తుపాను రన్‌వేలను ముంచెత్తింది. ప్రధాన టెర్మినల్ భవనాలను దాదాపు పూర్తిగా తిరిగి నిర్మించే పని 2016లో మొదలై, కొత్త బి, సి టెర్మినళ్ళ ముఖ్య భాగాలు 2022లో పూర్తయ్యాయి. రన్‌వేలు మాత్రం ఇప్పటికీ రెండే, ఒక్కొక్కటి సుమారు 7,000 అడుగులు.