అడిక్‌మెట్ జాగీర్దారిణి

ఇంగ్లండు కథలలో చిన్న పల్లె అనగానే ఒక గుడి, నాలుగు వీధుల ఇళ్ళు, ఊరి చివర దొరగారి బంగళా కనిపిస్తాయి. నైజాం పల్లెలకు కూడా అటువంటి దొరలుండేవారు. ప్రభువు ఒక ఊరి శిస్తును ఎవరికి రాసి ఇస్తే వారే ఆ ఊరి జాగీర్దారు. ఈనాడు తార్నాక, విశ్వవిద్యాలయం ఉన్న ప్రాంతంలోని అడిక్‌మెట్ పల్లెను మాత్రం ప్రభువు ఒక స్త్రీకి ఇచ్చాడు. ఆమె పేరు మహ్ లఖా బాయి.

1768లో పుట్టిన ఆమెకు తల్లి రాజ్ కన్వర్ పెట్టిన పేరు చందా. సంతానం లేని అక్క మెహతాబ్ ఆమెను పెంచుకుంది. అక్క ఇల్లు దివాన్ రుక్నుద్దౌలాది కావడంతో చదువుకు, సంగీతానికి, నృత్యానికి లోటు లేకపోయింది. గుర్రపుస్వారీ, విలువిద్య కూడా వచ్చాయి. రెండవ నిజాం అలీఖాన్ వెంట మగవేషంలో మూడు దండయాత్రలకు వెళ్ళింది. చంద్రుని వంటి ముఖం గలదని అర్థం వచ్చే మహ్ లఖా బిరుదు ఆయన ఇచ్చినదే.

ఆమె దర్బారు నర్తకి, పెళ్ళి చేసుకోలేదు. ఈ మాట చదివి కొందరు తల్లిదండ్రులు పేజీ తిప్పవచ్చు. కాస్త ఆగండి. ఆ కాలపు ఇళ్ళలో ఆడపిల్లకు అక్షరం నేర్పడమే అరుదు. చదువు, సొంత ఆస్తి, పెద్దల సభలో మాట చెల్లుబాటు ఒక స్త్రీకి దక్కే చోట్లు బహు కొద్ది. ఆమె 125 గజళ్ళు కూర్చింది. ఉర్దూలో తన పేరున గజళ్ళ సంపుటి గల తొలి స్త్రీలలో ఆమె ఒకరు. 1799లో ఒక ప్రతిని ఆంగ్ల అధికారి జాన్ మాల్కంకు బహూకరించింది. అది లండన్ చేరింది.

జాగీరు సొమ్ము అంటే రైతు చెమటే, ఆ సంగతి మరువరాదు. అయితే ఆమె దానిని నగలకే ఖర్చు పెట్టలేదు. ఎందరో ఆడపిల్లలను చేరదీసి విద్య నేర్పించింది. 1824లో కన్నుమూసినప్పుడు ఆమె భూములు, బంగారం, వజ్రాలు నిలువ నీడ లేని స్త్రీలకు చెందేలా రాసి పోయిందని చెబుతారు. నేడు ఆడపిల్లల పేర సెంటు భూమి రాయడానికి తటపటాయించే కుటుంబాలు మనలో లేవా?

1918లో ఆరంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం తొలుత అద్దె భవనాలలో నడిచింది. తరువాత ఆమె జాగీరుకు చెందిన అడిక్‌మెట్ నేలకు తరలింది. అక్కడ ఆర్ట్స్ కాలేజీ భవనం 1939లో ప్రారంభమైంది. ఆమె పేరుతో పిలిచే మెట్లబావి ఆ ప్రాంతంలోనే ఉంది.

తార్నాకకు కొద్ది దూరంలో, మౌలాలీ గుట్ట పాదాన, తల్లికి ఆమె 1792లో సమాధి కట్టించింది. తానూ ఆ పక్కనే ఖననమైంది. చాలాకాలం పాడుపడిన ఆ చోటును అమెరికా ప్రభుత్వ నిధులతో బాగుచేసి 2011లో తిరిగి తెరిచారు.