త్యాగవీర శిరసంగి లింగరాజు

అన్నదానము ఆనాటి ఆకలిని తీర్చును. విద్యాదానము తరతరములకు వెలుగునిచ్చును. తమకు లభించిన సంపద తమ ఒక్కరిది కాదని తలచి, దానిని సమాజమునకు దాసోహము గావించిన మహనీయులలో శ్రీ శిరసంగి లింగరాజు దేశాయిగారు అగ్రగణ్యులు.

వీరు 1861 జనవరి 10వ తేదీన, నేటి గదగ జిల్లాలోని శిగ్లి గ్రామమున ఒక గౌడ కుటుంబమందు జన్మించిరి. తల్లిదండ్రులు పెట్టిన పేరు రామప్ప. బాల్యముననే బెళగావి జిల్లా శిరసంగి దేశాయిగారి ఇంటికి దత్తులై వచ్చి, లింగరాజు అను నామమును పొందిరి. శిరసంగి, నవలగుంద దేశగతుల విస్తారమైన భూములకు వారు అధిపతులైరి.

ఆ ప్రాంతము అప్పుడు ముంబయి రాజధానిలోనిది. ధారవాడలో కర్ణాటక కళాశాల వెలసినది 1917లో మాత్రమే. అంతకుపూర్వము పట్టపరీక్షకు చదువగోరు బాలుడు పుణెకో, ముంబయికో పోవలసివచ్చెడిది. కళాశాల జీతము, బస, భోజనము, పుస్తకములు—ఈ ఖర్చులన్నియు సామాన్య రైతు భరింపగలిగినవి కావు. పొలము అమ్మి చదివించుటయో, చదువు మాన్పించి నాగలి పట్టించుటయో తప్ప తండ్రికి వేరొక దారి లేకుండెను. బుద్ధి కలిగియు ధనము లేక ఎందరో బాలురు మధ్యలోనే నిలిచిపోయిరి.

ఈ కొరత లింగరాజుగారి మనస్సును కలచివేసెను. 1904లో ధారవాడలో జరిగిన అఖిల భారత వీరశైవ మహాసభ ప్రథమ అధివేశనమునకు వారు అధ్యక్షత వహించిరి. సమాజోన్నతికి విద్యయే మూలమని వారు దృఢముగా విశ్వసించిరి.

సంస్థానములకు వారసుడు లేనిచో దత్తుని తెచ్చుట ఆనాటి ఆచారము. తామును అట్లే వచ్చినవారు. అయినను లింగరాజుగారు తమ ఆస్తిని ఒక వారసునికి గాక, సమాజమందలి విద్యార్థులకు చెందునట్లు మరణశాసనము వ్రాసిరి. 1906 ఆగస్టు 23వ తేదీన, నలుబదియైదేండ్ల వయస్సుననే లింగైక్యులైరి.

ఈ దానమందొక విశేషము కలదు. ఒకేసారి పంచిపెట్టిన ధనము ఒక తరముతో తీరిపోవును. వారు భూమినే విద్యకు విడిచిరి. మూలధనము నిలిచియుండగా, దాని ఆదాయము ఏటేట క్రొత్త విద్యార్థులకు వేతనమగును. ఆ ఆస్తి నవలగుంద–శిరసంగి ట్రస్టుగా రూపొంది, ఎందరో పేద విద్యార్థులకు ఉన్నత విద్యాద్వారములను తెరచెను.

1916లో ఏడుగురు విద్యావంతులు బెళగావిలో కర్ణాటక లింగాయత విద్యాసంస్థను స్థాపించిరి. ఆ సంస్థ 1933లో నెలకొల్పిన కళాశాలకు లింగరాజుగారి పేరిడి, వారి ఋణమును స్మరించెను.

అందరికిని దేశగతులు ఉండవు. కాని ఒక బాలుని ఒక సంవత్సరపు జీతము చెల్లింపగల కుటుంబములు, ఒక విద్యార్థికి ప్రసాదమును వసతిని ఈయగల మఠములు ఎన్నియో కలవు. ఆ సాయమును పొంది చదివినవాడు, తాను నిలద్రొక్కుకొన్న పిదప మరియొకని చదివించినచో, ఆ దాసోహము ఎన్నటికిని ఆగదు. త్యాగవీరునికి మనము అర్పింపగల నిజమైన నివాళి అదియే.