అత్తిపత్తి కదలికను కొలిచిన కలకత్తా ఆచార్యుడు

అత్తిపత్తి ఆకును తాకితే ముడుచుకుంటుందని పల్లెలో పిల్లలందరికీ తెలుసు. తాకిన ఎంతసేపటికి ముడుచుకుంటుందో, సెకనులో వెయ్యో వంతు వరకు లెక్కగట్టే పరికరాన్ని తయారుచేసింది మాత్రం జగదీశ్ చంద్ర బోస్.

1858 నవంబరు 30న, ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉన్న మైమెన్‌సింగ్‌లో పుట్టిన బోస్, ఇంగ్లండ్‌లో చదువుకుని 1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో భౌతికశాస్త్రం బోధించడానికి చేరారు. అదే పనికి యూరోపియన్లకు ఎక్కువ జీతం ఇస్తున్నారని తెలిసి, మూడేళ్లు పాఠాలు చెప్పారే తప్ప జీతం ముట్టలేదు. చివరికి ప్రభుత్వం దిగొచ్చి పూర్తి జీతాన్ని బకాయిలతో సహా చెల్లించింది.

మొదట ఆయనకు పేరు తెచ్చింది విద్యుదయస్కాంత తరంగాలు. 1895లో కలకత్తా టౌన్‌హాల్‌లో తీగ లేకుండానే దూరాన ఉన్న గంటను మోగించి, మందుగుండును పేల్చి చూపించారు. ఆ తరంగాలను పసిగట్టే లోహపు పరికరాలు వాడగా వాడగా మందగించడం, విశ్రాంతి ఇస్తే తేరుకోవడం ఆయన గమనించారు. అలసిన కండరమూ అంతే కదా! ఆ పోలికే ఆయన్ని భౌతికశాస్త్రం నుంచి జీవుల కదలికల వైపు నడిపించింది.

కదలికను గీతగా మార్చే పద్ధతి అప్పటికే ఐరోపాలో ఉంది. మనిషి నాడిని, నడకను ఫ్రాన్స్‌లో మారే అలాగే నమోదు చేశారు. కండరం లాగితే మీట కదిలి, మసి పూసిన పలకపై గీత పడుతుంది. కానీ ఆకుకు అంత బలం లేదు. పలకతో రాపిడికే మీట ఆగిపోతుంది. దీనికి బోస్ కనిపెట్టిన ఉపాయం సులువైనది: మీట నిరంతరం కంపిస్తూ, పలకను అప్పుడప్పుడు మాత్రమే తాకేలా చేశారు. గీతకు బదులు చుక్కలు పడతాయి. రాపిడి దాదాపు ఉండదు. కంపనం వేగం ముందే తెలుసు కాబట్టి చుక్కలు లెక్కపెడితే కాలమూ తెలుస్తుంది. తర్వాత వచ్చిన క్రెస్కోగ్రాఫ్ మొక్క పెరుగుదలను పదివేల రెట్లు పెద్దదిగా చూపించింది.

లండన్ శరీరధర్మ శాస్త్రవేత్తలు తేలిగ్గా ఒప్పుకోలేదు. 1901లో రాయల్ సొసైటీలో ఆయన వాదనకు గట్టి వ్యతిరేకత ఎదురైంది. అదే సొసైటీ 1920లో ఆయన్ని ఫెలోగా ఎన్నుకుంది. ఈలోగా 1917లో, తన పుట్టినరోజునే, కలకత్తాలో బోస్ ఇన్‌స్టిట్యూట్‌ను ప్రారంభించారు. 1937లో గిరిడీలో కన్నుమూశారు.

ఆయన చెప్పినవన్నీ నిలవలేదు. కణాల స్పందన వల్లే మొక్కలో రసం పైకి ఎక్కుతుందన్న వాదనను తర్వాతి శాస్త్రం అంగీకరించలేదు. మొక్కల్లో విద్యుత్ సంకేతాలు ప్రయాణిస్తాయన్న మాట మాత్రం నిలిచింది. ఆ సంకేతాలపై పరిశోధన నేటికీ సాగుతోంది.